బేరం తెగక ముందే

సబ్ కాంట్రాక్ట్ పని ఒప్పుకునేటప్పుడు మనవాళ్లు మూడు సంగతులు గట్టిగా మాట్లాడతారు. అడుగుకి ఎంత, అడ్వాన్సు ఎంత, బిల్లు పెట్టాక ఎన్నాళ్లకు డబ్బు చేతికొస్తుంది. నాలుగోది అడగరు. పరంజా ఎవరు కట్టాలి? స్లాబు అంచుకు రెయిలింగ్ ఎవరు పెట్టాలి? బెల్టు కొక్కెం తగిలించడానికి ఇనుప తాడు ఎవరు లాగాలి? లిఫ్ట్ గుంతకు అడ్డం ఎవరు కట్టాలి? "అవన్నీ కంపెనీవాళ్లు చూసుకుంటార్లే" అనుకుని లేచి వచ్చేస్తారు. కంపెనీవాళ్లు నిజంగానే చూసుకుంటారు. ఎలాగంటే, వర్క్ ఆర్డర్ చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో "భద్రతకు సంబంధించిన సమస్త బాధ్యత సబ్ కాంట్రాక్టర్‌దే" అని ఒక వాక్యం రాయించి, దాని కింద మీ సంతకం తీసుకుంటారు.

పదిమందినో పాతికమందినో వెంటేసుకుని సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, పెయింటింగ్, ప్లంబింగ్, కరెంటు పనులు చేయించే వాళ్ల కోసం ఈ అధ్యాయం. నిన్నటిదాకా తాపీ పట్టిన చేత్తోనే ఇవాళ మస్టరు రాస్తున్న వాళ్ల కోసం. పెద్ద కంపెనీకి సేఫ్టీ డిపార్ట్‌మెంట్ ఉంటుంది, లాయరు ఉంటాడు, ఇన్సూరెన్సు ఉంటుంది. మీకున్నవల్లా ఒక బైకు, ఒక ఫోను, ఊళ్లో నాలుగు వీధుల్లో ఉన్న మాట. మీ దగ్గర పైకెక్కేవాడు మీ ఊరివాడో, మీ బావమరిదో, మీ మాట మీద ఒడిశా నుంచి రైలెక్కి వచ్చినవాడో అయి ఉంటాడు. అందుకే ఈ విషయంలో పెద్ద కంపెనీ కన్నా మీరే ఎక్కువ పట్టుబట్టాలి. పట్టుబట్టాల్సిన రోజు స్లాబు పోసే రోజు కాదు, రేటు మాట్లాడే రోజు. రేటులో లేని రెయిలింగ్ సైటులోకి రాదు.

చట్టం ముందు మీరెవరు

"నేను కూడా కూలివాడినే సార్, నాలుగు రూపాయలు మిగులుతాయని మనుషుల్ని తెస్తున్నాను" అని చాలామంది అంటారు. అది నిజమే కావచ్చు, చట్టం మాత్రం అలా చూడదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం కాంట్రాక్టరు అనే మాటలోనే సబ్ కాంట్రాక్టరును కూడా కలిపేసింది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా అదే మాట చెబుతుంది. పదిమందికి తక్కువ ఉంటే ఆ చట్టాలేవీ అంటవని ఒక ధీమా ఉంది. పరిహారం చట్టానికీ పోలీసు కేసుకూ ఆ పదిమంది లెక్క లేదు. ఒక్కడు పడినా ఒకటే.

నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే. భద్రతా కోడ్ కింద, యజమాని విధులు తప్పినందువల్ల ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు చెప్పవచ్చు.

ఇక పరిహారం. దీని లెక్క చాలామంది మేస్త్రీలకు తెలియదు కాబట్టి ఒకసారి కాగితం మీద వేద్దాం. చనిపోయినవాడి నెల జీతంలో సగం తీసుకుని, వాడి వయసుకు చట్టంలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునే గరిష్ఠం 15,000 అని కేంద్రం 2020లో ప్రకటించింది. ముప్పై ఏళ్ల సెంట్రింగ్ కార్మికుడు రోజుకు వెయ్యి తీసుకుంటున్నాడనుకోండి. 15,000లో సగం 7,500. ముప్పై ఏళ్లకు పట్టికలోని అంకె 207.98. గుణిస్తే 15,59,850 రూపాయలు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోతే అసలులో సగం దాకా జరిమానా. 1923లో మొదలైన ఈ లెక్కే ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చి చేరింది.

"వాడే బెల్టు పెట్టుకోలేదు, నేను చెబుతూనే ఉన్నాను" అనే మాట ఇక్కడ చెల్లదు. చెప్పిన మాట వినలేదనీ, తాగి ఉన్నాడనీ చిన్న గాయాల విషయంలో వాదించవచ్చు. మనిషి చనిపోయినప్పుడూ, ఇక జన్మలో పని చేయలేని స్థితికి వచ్చినప్పుడూ ఆ వాదనలకు చట్టం తలుపు మూసేసింది. కుటుంబం కావాలంటే పెద్ద కంపెనీ నుంచే పరిహారం అడగవచ్చు. కంపెనీ కట్టి, ఆ డబ్బు మీ దగ్గర రాబట్టుకుంటుంది. రాబట్టుకోవడానికి వాళ్లు మీ ఇంటికి రానక్కర్లేదు. మీ రన్నింగ్ బిల్లులూ రిటెన్షనూ వాళ్ల దగ్గరే ఉంటాయి.

కాబట్టి ఈఎస్ఐని ఖర్చుగా చూడకండి. 2015 ఆగస్టు నుంచి, ఈఎస్ఐ అమలున్న ప్రాంతాల్లో నిర్మాణ కార్మికులు కూడా దాని కిందికి వస్తారు. నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ఈఎస్ఐలో ఉన్నవాడికి పని ప్రమాదం జరిగితే వైద్యం, జీవనభృతి, చనిపోతే కుటుంబానికి నెలనెలా పెన్షను ఆ సంస్థే చూస్తుంది. పైన వేసిన పదిహేను లక్షల లెక్క మీ నెత్తి మీద పడదు. ఈఎస్ఐ వర్తించని చోట, అందరూ డబ్ల్యూసీ పాలసీ అని పిలిచే కార్మిక పరిహార బీమా తీసుకోవాలి. ప్రీమియం తగ్గించుకోవడానికి పాతికమంది ఉన్న చోట పదిమందినీ, వెయ్యి కూలి ఉన్న చోట ఐదువందలూ రాయించే అలవాటు మనలో ఉంది. క్లెయిము వచ్చిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ మొట్టమొదట అడిగేది మస్టరు, చెల్లింపుల లెక్క. ఇంకో సంగతి: ఆలస్యానికి పడే జరిమానా పాలసీలో రాదు, అది మీ జేబులోంచే.

మూడు రూపాయల సంగతి

ఇరవై వేల చదరపు అడుగుల బయటి ప్లాస్టరింగ్ పని వచ్చిందనుకుందాం. పన్నెండు మంది, ఆరు నెలలు. గోవాలకు పలకలు, అడుగు పలకలు, మధ్య కడ్డీలు, వలలు, పన్నెండు ఫుల్ బాడీ హార్నెస్‌లు, ఇనుప తాళ్లు, షూలు, హెల్మెట్లు, ఒక డీబీ బాక్సు, ఇవన్నీ చూసుకుంటూ కట్టీ విప్పీ తిరిగే ఒక మనిషి. అన్నీ కలిపి 60,000 తేలిందనుకోండి. అడుగుకి మూడు రూపాయలు. ఇదే మీరు రేటు మాట్లాడేటప్పుడు బల్ల మీద పెట్టాల్సిన అంకె. దాన్ని మీ కూలి రేటులో కలిపేయకండి. విడిగా, ఇంకో లైనులో పెట్టండి. కలిపేస్తే బేరంలో ముందు కరిగిపోయేది అదే.

ప్రాజెక్ట్ మేనేజరు ఏమంటాడో మీకు తెలుసు.

"ఏంది మేస్త్రీ, పక్కోడు ఇరవై ఎనిమిదికి చేస్తనంటుండు. నువ్వు ముప్పై ఒకటి అంటవ్?"

"నా రేటూ ఇరవై ఎనిమిదే సార్. ఆ మూడు రూపాయలు గోవాలవి, బెల్టులవి, వలలవి. అవి మీరే ఇస్తానంటే ఇరవై ఎనిమిదికే రాసుకోండి. ఎవరిస్తారన్నది మాత్రం ఆర్డర్‌లో రాయించండి సార్."

ఈ మాటతో బేరం మీ కూలి మీద నుంచి సామాను మీదికి మళ్లుతుంది. మేనేజరు దగ్గర ఇంకో సైటులో విప్పేసిన కప్‌లాక్ సెట్టు ఊరికే పడి ఉండొచ్చు. అతను అది ఇస్తానంటే ఇద్దరికీ లాభమే. ఇవ్వననీ, మూడు రూపాయలూ పెట్టననీ అంటే ఆ సైటు సంగతి మీకు ముందే తెలిసినట్టు. అటువంటి పని వదులుకోమని చెప్పడం పుస్తకం రాసేవాడికి తేలిక, నెల రోజులుగా ఖాళీగా ఉన్న ముఠా ఉన్నవాడికి కష్టం. ఆ కష్టం ఉన్నవాళ్లు కనీసం పని ముక్కను మార్చి అడగవచ్చు: బయటి పని పరంజా తేలాక చేస్తాను, అప్పటిదాకా లోపలి గోడలు ఇవ్వండి అని.

వర్క్ ఆర్డర్‌లో రాయించాల్సినవి ఎక్కువేమీ లేవు. పరంజా ఎవరు కడతారు, ఎక్కే ముందు ఎవరు చూసి సంతకం పెడతారు, పని మధ్యలో దాన్ని విప్పే హక్కు ఎవరికుంది. ఈ మూడోది ముఖ్యం. పైపులు వేసే ముఠా వచ్చి అడ్డమొస్తోందని ఒక బ్రేసింగ్ ఊడదీసి వెళ్లిపోతుంది, మర్నాడు పొద్దున మీ ముఠా ఎక్కుతుంది. ఒకే అంతస్తులో నాలుగు ముఠాలు తిరిగే సైటుల్లో ఇది రోజూ జరిగేదే. స్లాబుల్లో వదిలిన కంతలు, బాల్కనీ అంచులు, మెట్ల పక్కలు, లిఫ్ట్ డక్టు కంపెనీ చూసుకోవాలని రాయించండి. అవి ఏ ఒక్క ముఠావీ కావు కాబట్టి, రాయకపోతే ఎవరివీ కావు. కరెంటు పాయింటు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మూడు కోర్ల కేబులు, ఇండస్ట్రియల్ ప్లగ్గు ఇస్తామని రాయించుకోండి. తడి స్లాబు మీద వైబ్రేటరు పట్టుకునే కుర్రాడికీ చావుకీ మధ్య ఉండేది ఆ ఒక్క పరికరమే. వైరు కొసలు సాకెట్టులో గుచ్చి అగ్గిపుల్లతో బిగించే విద్యను మీ ముఠాలో ఎవరు చూపించినా ఆ రోజే ఆపించండి.

హెల్మెట్, షూ, బెల్టుల డబ్బు కూలిలోంచి పట్టుకోకూడదు. భద్రత కోసం చేసే దేనికీ కార్మికుడి దగ్గర పైసా తీసుకోకూడదని వృత్తి భద్రత కోడ్ స్పష్టంగా చెబుతుంది. హెల్మెట్ లేదని కంపెనీ మీకు ఐదువందల ఫైను వేస్తే, దాన్ని మీరు కుర్రాడి ఖాతాలో రాయడం కూడా ఆ కోవలోదే. ఫైన్ల మీద నాకు నమ్మకం లేదు. సేఫ్టీ ఆఫీసరు వస్తుంటే ఫోన్లు చేసుకుని హెల్మెట్లు పెట్టుకునే సైటులు ఎన్నో ఉన్నాయి. అసలు హెల్మెట్ గురించి మనం మాట్లాడేంత ఎక్కువగా రెయిలింగ్ గురించి మాట్లాడం. దూరం నుంచి ఫొటోలో పడేది హెల్మెట్టే కదా.

అంచు, బెల్టు, లోతు

కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పందాల్లో ఒక భద్రతా నియమావళి జతచేసి ఉంటుంది. సీపీడబ్ల్యూడీ పనులు చేయకపోయినా ఆ రెండు మూడు పేజీలు చదివించుకోండి, ఎవరితోనైనా వాదించడానికి పనికొస్తాయి. నేల నుంచి 3.6 మీటర్లు, అంటే పన్నెండు అడుగులు దాటిన పరంజాకు కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తు రక్షణ కడ్డీ ఉండాలంటుంది అది. ఒంటి నిచ్చెన తొమ్మిది మీటర్లకు మించకూడదు. నిలువు నాలుగు అడుగులు పెరిగితే అడుగు భాగం ఒక అడుగు దూరం జరగాలి. ఇవి తెలిసినవే, ఎక్కువ చెప్పను.

బెల్టు గురించి మాత్రం కాస్త ఆగాలి. నడుముకు కట్టే పాత బెల్టు ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది. పడ్డ మనిషి బరువంతా నడుము మీద పడి వెన్నుపూస, కడుపు దెబ్బతింటాయి. దాన్ని పారేసి, తొడలకూ భుజాలకూ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కొనండి. కొనగానే పని అయిపోలేదు. దాని తాడు దాదాపు రెండు మీటర్లు. కుదుపును తట్టుకునే ముడత విప్పుకుంటే ఇంకో 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. వీపు రింగు నుంచి పాదాల దాకా మనిషి పొడవు మరో మీటరున్నర. కింద కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. కూడితే ఆరు మీటర్ల పైచిలుకు. అంటే పాదాల దగ్గర కొక్కెం తగిలించి పన్నెండు అడుగుల ఎత్తులో నిలబడినవాడికి ఆ బెల్టు ఆపేలోపే నేల వచ్చేస్తుంది. అంత తక్కువ ఎత్తు పనుల్లో బెల్టును నమ్ముకోకండి, రెయిలింగూ సరైన పలకా నమ్ముకోండి. పై అంతస్తుల్లో కొక్కెం తలకన్నా పైన తగిలించేలా ఇనుప తాడు లాగించండి. పీవీసీ పైపుకో, వదులుగా ఉన్న గోవా గొట్టానికో తగిలించి ఫొటో దిగితే బెల్టు పెట్టుకున్నట్టు కాదు. పట్టీలకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దింపాలి, రక్తం కాళ్లలో ఆగిపోతుంది. ఎవరు దింపుతారు, దేనితో దింపుతారు అన్నది ఎక్కకముందే అనుకోవాలి.

పునాది గుంతలూ పైపు కాలువలూ తవ్వేవాళ్లకు: మీటరున్నర లోతు దాటితే పక్కలు మెట్లుగా కోయాలి, లేదా చెక్కలతో బిగించాలి. తవ్విన మట్టి గట్టు మీదనే పోయకూడదు. మీటరున్నర దూరమో, లోతులో సగం దూరమో, ఏది ఎక్కువైతే అంత అవతలికి పోయాలి. నల్లరేగడి నేలలో వాన పడ్డ మర్నాడు గుంతలోకి దిగే ముందు, పక్కలకు నెర్రెలున్నాయేమో మీరే స్వయంగా చూడండి. జేసీబీవాడు గట్టు అంచునే నిలబడి తవ్వుతున్నాడంటే కింద మనిషి ఉండకూడదు.

సెంట్రింగ్ విప్పే తేదీల మీద ఇంజనీర్లతో గొడవ మామూలే. పై అంతస్తుకు మాలు కావాలని జాకీలు తొందరగా తీయమంటారు. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకూ మామూలు వేడికీ 4.5 మీటర్ల లోపు స్లాబు జాకీలు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉంచాలి. ఆరు మీటర్ల లోపు బీములకు పద్నాలుగు, ఆపైన ఇరవై ఒకటి. తీయమన్న ఇంజనీరును తేదీ వేసి రాసిమ్మనండి. రాసిమ్మనగానే చాలామందికి ఇంకో రెండు రోజులు ఆగే ఓపిక వస్తుంది.

సంపులోకి మనిషిని దించే ముందు

ఇది విడిగా చెప్పాలి. అపార్టుమెంట్లలోనూ సొంతిళ్లలోనూ సంపు, సెప్టిక్ ట్యాంకు స్లాబు పోశాక రెండు అడుగుల చదరం కంత ఒకటి వదులుతారు. రెండు మూడు వారాల తర్వాత లోపలి సెంట్రింగ్ షీట్లు, కర్రలు విప్పడానికి సన్నగా ఉన్న కుర్రాణ్ని చూసి లోపలికి దించుతారు. లోపల మోకాలి లోతు నీళ్లు, నానిన కర్రలు, గాలి కదలని చీకటి. నానిన చెక్క కుళ్లుతూ గాలిలోని ఆక్సిజన్ తినేస్తుంది, విషవాయువులు అడుగున పేరుకుంటాయి. కొత్త ట్యాంకు, ఇంకా మురుగు చేరలేదు, భయమేముంది అనుకుంటారు. మొదటివాడు దిగి రెండు నిమిషాలు పలకడు. వాణ్ని తీయడానికి రెండోవాడు దిగుతాడు, తర్వాత వాడి అన్న. పేపర్లో ముగ్గురి ఫొటోలు ఒకే వరుసలో వస్తాయి.

దీపం దించి చూడటం పాతకాలపు పద్ధతి. మండే వాయువుంటే దీపమే ముప్పు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగకూడదు. అది చెప్పేది గ్యాస్ మీటరు ఒక్కటే. కొనలేకపోతే కంపెనీని అడగండి, అద్దెకు తెమ్మనండి. కంత ముందు రోజే తెరిచి పెట్టండి. నీళ్లు బయట నుంచే తోడేయండి. పెట్రోలు ఇంజను పంపును పొరపాటున కూడా లోపల పెట్టొద్దు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బ్లోయరు గొట్టం అడుగు దాకా దించి, మనిషి లోపల ఉన్నంతసేపూ ఆడనివ్వండి. దిగేవాడికి హార్నెస్, దానికి తాడు, ఆ తాడు పట్టుకుని పైన ఒకడు. పైన ఉన్నవాడు ఏం జరిగినా లోపలికి దిగకూడదు, లాగాలి. ఈ ఒక్క మాట మీ ముఠాలో ప్రతివాడి చేతా తిరిగి చెప్పించండి. లోపల పడింది సొంత తమ్ముడైతే ఆ క్షణంలో కొత్తగా ఆలోచించి ఎవరూ ఆగలేరు.

ఇంకా మంచిది స్లాబు పోయకముందే మాట్లాడటం. ఎదురెదురు మూలల్లో రెండు కంతలు వదలమని ఇంజనీరును అడగండి. ఒకదాంట్లోంచి గాలి వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి వస్తుంది. దీనికయ్యే ఖర్చు ఒక మూత.

పని ఆపడం ఒక నేర్పు

"చెయ్యను" అనే సబ్ కాంట్రాక్టరుకు రెండో పని రాదు. "ఎలాగోలా చేసేద్దాం" అనేవాడికి పనులు వస్తూనే ఉంటాయి, ఒకరోజు దాకా. ఈ రెండిటి మధ్య మాట్లాడటం నేర్చుకోవాలి. సైటు ఇంజనీరుకు ఇలా వాట్సాప్ పెట్టొచ్చు:

"నమస్తే సార్. సి బ్లాకు 4వ అంతస్తు తూర్పు బాల్కనీ అంచుకు రెయిలింగ్ తీసేసి ఉంది. ఫొటో పెట్టాను. నా ఆరుగురిని 2వ అంతస్తు లోపలి గోడలకు మార్చాను. రెయిలింగ్ పెట్టించి చెప్పండి సార్, అరగంటలో పైకి పంపిస్తాను."

ఇందులో ఎక్కడా కాదనలేదు. మనుషులు ఖాళీగా కూర్చోలేదు కాబట్టి డెబిట్ నోటుకు వీల్లేదు. ఏ చోట, ఏ లోపం, ఎప్పుడు చెప్పారు అన్నీ ఫోన్లో ఉన్నాయి. ఇంజనీరు కూడా ఆ మెసేజిని తన పైవాడికి పంపి తన బరువు దించుకోగలడు. సగం సార్లు అతనికి కావాల్సింది అదే. ఫోనులో మాట్లాడి ఊరుకుంటే ఇవేవీ ఉండవు.

మీ ముఠాలోనూ ఇదే మర్యాద నడవాలి. "మేస్త్రీ, ఆ పలక ఊగుతోంది" అని కుర్రాడు అంటే "నీకు భయమైతే ఇంటికి పోరా" అనే మేస్త్రీకి ఇంకెవరూ ఏదీ చెప్పరు. తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే యజమానికీ అధికారికీ చెప్పే హక్కు కార్మికుడికి వృత్తి భద్రత కోడ్ ఇచ్చింది. మీ దాకా వచ్చి చెప్పాడంటే మీ అదృష్టం.

అడ్డా మీద నుంచి ఆ పొద్దున తెచ్చినవాణ్ని ఆ రోజే పై అంచుకు ఎక్కించకండి. వాడి చేతి ఒడుపు, కాలినిలకడ మీరు చూడలేదు. తెలుగులో ఇండక్షన్ చెప్పి, ఇంగ్లిష్ కాగితం మీద ఒడియా కుర్రాడి వేలిముద్ర తీసుకునే తంతు మానండి. ముఠాలో రెండు భాషలూ వచ్చినవాడు ఒకడుంటాడు, వాడి చేత చెప్పించండి, చేసి చూపించమనండి. ఆడవాళ్లు ఎత్తే బరువుకు నిర్మాణ నియమాల్లో గరిష్ఠం 30 కిలోలు, మగవాళ్లకు 55. సిమెంటు బస్తా 50 కిలోలు. మన సైటుల్లో ఈ నియమం సంగతి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

రేకుల షెడ్లు ఎక్కడ వేస్తున్నారో కూడా చూడండి. 2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో పెద్ద వాన కురిసి, కడుతున్న ప్రాజెక్టు రిటైనింగ్ గోడ కార్మికుల షెడ్ల మీద కూలింది. ఏడుగురు చనిపోయారు, వాళ్లలో నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికి వచ్చిన కుటుంబాలు. పని వేళల్లో కాదు, పరంజా మీద కాదు. ఎత్తైన గోడ కింద, తవ్విన గుంత అంచున, కరెంటు తీగల కింద షెడ్డు స్థలం చూపిస్తే తీసుకోకండి. వానాకాలం ముందు ఇంకోసారి తిరిగి చూడండి.

ప్రమాదం జరిగిన గంటలో

అన్నీ చేసినా జరగవచ్చు. మొదట ఆసుపత్రి, 108. పడినవాణ్ని ఇద్దరు చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలో కుక్కితే విరగని వెన్ను కూడా విరుగుతుంది. పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి. ఆసుపత్రిలో "మేడ మీద నుంచి జారాడు, ఇంటి దగ్గర" అని చెప్పించే ప్రయత్నం ఎవరు చేసినా ఒప్పుకోకండి. ఈఎస్ఐ, ఇన్సూరెన్సు, పరిహారం మూడూ ఆ మొదటి కాగితం మీదే ఆధారపడతాయి. చోటును కడిగించకండి, ఊడిన పలకను దాయకండి, ఫొటోలు తీయండి. 48 గంటలు, అంతకు మించి పనికి రాలేని గాయమైనా అధికారులకు తెలపాలి.

ప్రాణం పోయిన చోట సాయంత్రానికల్లా సైటు ఆఫీసులో కుర్చీలు వేస్తారు. ఊరి పెద్దలు, కంపెనీ మనిషి, మీరు. ఏదో ఒక మొత్తం తేల్చి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, శవాన్ని బండెక్కిస్తారు. ఆ సెటిల్‌మెంటుకు డబ్బు పెట్టేది చాలాసార్లు సబ్ కాంట్రాక్టరే, పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టి మరీ. చనిపోయిన కార్మికుడి పరిహారాన్ని సంబంధిత అధికారి దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. అడ్వాన్సుగా ఇచ్చే మూడు నెలల జీతం వరకే దీనికి మినహాయింపు. ఆ కుటుంబం ఆరు నెలల తర్వాత కేసు వేస్తే పూర్తి మొత్తం మళ్లీ కట్టాలి. కాబట్టి ఆ రాత్రి కుర్చీల్లో కూర్చున్నప్పుడు చేయాల్సింది అంత్యక్రియల ఖర్చు, ప్రయాణం ఖర్చు చూసుకోవడం. చేతికిచ్చిన ప్రతి రూపాయికీ ఇద్దరు సాక్షులతో రసీదు తీసుకోవడం. మర్నాడు పొద్దునే ఈఎస్ఐ ఆఫీసుకో, ఇన్సూరెన్సు కంపెనీకో, కార్మిక శాఖకో రాతపూర్వకంగా తెలియజేయడం. మృతుడు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదై ఉంటే, ఆ కార్డు నంబరుతో బోర్డు సాయానికి దరఖాస్తు పెట్టించడం. ఆ నమోదుకు 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజుల పని ఉంటే చాలు. మీ ముఠాలో ఎంతమందికి కార్డుందో, వాటిలో రెన్యువల్ అయినవెన్నో మస్టరు పక్కన ఇంకో గడి గీసి ఈ శనివారం కూలి పంచేటప్పుడే రాసుకోండి.